పీట లేని రాజు

వాక్యభాగములు: 2 రాజులు 24:8–16, 25:27–30, యిర్మీయా 24, మత్తయి 1:11, 12



రాజుల రెండవ గ్రంథము చివరకు వచ్చునప్పటికి మనలో చాలమందికి ఓపిక తగ్గిపోవును. రాజుల పేర్లు ఒకదానినొకటి పోలియుండును. ఎవడు ఎవని కుమారుడో గుర్తుండదు. చూచుచుండగనే పట్టణము కాలిపోవును. ఆ తొందరలో మనము యెహోయాకీను అను పడుచువానిని సరిగా చూడకయే దాటిపోవుదుము. అతడు పదునెనిమిదవ ఏట రాజయ్యెను. మూడు నెలలే యేలెను. అతడు మంచివాడనియు లేఖనము చెప్పలేదు. నెబుకద్నెజరు సేనలు యెరూషలేమును చుట్టుకొనగా అతడు తల్లిని, సేవకులను, అధిపతులను వెంటబెట్టుకొని వెలుపలికి వచ్చి లోబడెను. వారిని బబులోనుకు కొనిపోయిరి. 37వ సంవత్సరమునగాని అతనికి చెరసాల తలుపు తెరువబడలేదు.

అన్ని ఏండ్లు అతడు అక్కడ ఏమి చేసెను? ఎవరిని నిందించెను? ఎవరికి ప్రార్థించెను? దేవుని గ్రంథము చెప్పలేదు గనుక మనము కల్పించి చెప్పరాదు. అయితే మన కాలమునకు దగ్గరలో ఇట్టి రాజు మరియొకడు జీవించెను. ఆయనయు పడుచువాడే. ఆయనయు తల్లితోకూడ వచ్చి లోబడెను. ఆయనయు యౌవనమంతయు పరదేశపు చెరలో గడిపెను. ఆ చెరలో ఆయన ఏమి చేసెనో మాత్రము మనకు కొంత తెలియును. ఆయన పేరు ప్రెంపే. ఆఫ్రికా ఖండపు పడమటి భాగమున, నేడు ఘానా అనబడు దేశములో, అసాంటే జనులకు ఆయన రాజు. ఈ నెల ఆయన కథను మా పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

బంగారు పీట

రాజ్యమునకు గుర్తు ఏమనగా మనము కిరీటమందుము, సింహాసనమందుము. అసాంటే దేశములో రాజ్యమునకు గుర్తు పీట. ఒకే దుంగలోనుండి చెక్కిన కొయ్యపీట. ఊరి అధిపతికి ఒక పీట, నాటి అధిపతికి ఒక పీట ఉండును. ఒకని అధిపతిగా చేయుటను వారు పీట ఎక్కించుట అందురు; తీసివేయుటను పీట దించుట అందురు.

ఈ పీటలన్నిటికిని పైది బంగారు పీట. సుమారు 1700 ప్రాంతమున ఒసెయి టుటు అను రాజు కాలములో, అనోకే అను పూజారి దానిని ఆకాశమునుండి దింపి రాజు మోకాళ్లమీద నిలిపెనని వారి పెద్దలు చెప్పుదురు. జాతి ప్రాణమంతయు అందులో నున్నదని వారి నమ్మకము. అందుచేత దానిమీద ఎవరును కూర్చుండరు. రాజు కూడ కూర్చుండడు. దానికి ప్రత్యేకముగా ఒక ఆసనము వేసి రాజు ప్రక్కన ఉంచుదురు.

మన నమ్మకము వేరు. ప్రాణము దేవునిది, పీటది కాదు. అయినను ఆ నియమములోని వివేకమును మనము కాదనలేము. దేశములో అందరికంటె పెద్దవాడు తన అధికారపు గుర్తును ప్రక్కన పెట్టుకొని, దానిమీద కూర్చుండక, “ఇది నా స్వంతము కాదు” అని ప్రతి పండుగనాడు ప్రజల యెదుట ఒప్పుకొనుచుండెను. ఈ మాటను గుర్తుంచుకొనుడి. ముందుకు పోయినకొలది దీని అర్థము మనకు తెలియును.

ఆ జనులలో వారసత్వము తల్లి వైపునుండి వచ్చును. రాజమాత పేరు చెప్పిన మీదట పెద్దలు రాజును ఏర్పరచుదురు. 1883లో పెద్దలు అప్పటి రాజును పీట దించిరి. తరువాత వచ్చినవాడు మరుసటి ఏడే, కొద్ది వారములలో, మశూచితో మరణించెను. అటుమీదట ఎవరు పీట ఎక్కవలెనని అన్నదమ్ములవంటివారు కత్తులు దూసిరి. ఊళ్లు కాలిపోయెను, జనులు పొరుగు దేశములకు పారిపోయిరి. చివరకు యా అచియా అను రాజమాత పట్టుదలవలన ఆమె కుమారుడు ప్రెంపే 1888 మార్చి 26న రాజయ్యెను. అప్పటికి ఆయనకు ఇరువది ఏండ్లు నిండలేదు. చీలిపోయిన నాడులను కొన్నిటిని మాటచేత, కొన్నిటిని బలముచేత ఆయన మరల ఒకటిగా కూర్చసాగెను.

ఆ రాజ్యము నీతి రాజ్యమని మేము చెప్పబోవుట లేదు. అక్కడ బానిసత్వముండెను. పెద్దలు చనిపోయినప్పుడు వారి వెంట మనుష్యులను చంపి పంపు క్రూరాచారము తరతరములుగా నుండెను. ప్రెంపే పుట్టిన కాలముననే, 1869లో, రామ్‌సయర్ అను స్విట్జర్లాండు మిషనెరీని, ఆయన భార్యను అసాంటే సైన్యము పట్టుకొనెను. వారి పసిబిడ్డ దారిలోనే చనిపోయెను. 1874 వరకు ఆ దంపతులు కుమాసి రాజధానిలో బందీలుగా నుండిరి. విడుదలైన తరువాత కూడ రామ్‌సయర్ ఆ జనులను మరువలేదు. 1896లో సువార్తతో అదే పట్టణమునకు తిరిగి వచ్చెను. తన బిడ్డను పోగొట్టిన దేశమునకు మేలు కోరి వచ్చిన మనిషి అతడు. చెరపట్టినవారిని ప్రేమించుట ఎట్లో ఆ దేశమునకు మొదట చూపినవారిలో ఆయన ఒకడు.

పాదములయొద్ద

ఆ కాలమున సముద్రతీరము ఇంగ్లీషువారి చేతిలో నుండెను. 1874లో వారి సేన కుమాసిని కాల్చి, రాజగృహములోని బంగారు వస్తువులను కొనిపోయెను. 1891లో వారు ప్రెంపేకు కబురు పంపి, మా రక్షణక్రిందికి రమ్మనిరి. ఆయన మర్యాదగా నిరాకరించెను. తెల్లవారందరితో స్నేహముగా నుందుమనియు, అయితే తమ దేశము పూర్వమువలెనే స్వతంత్రముగా నుండుననియు ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరము. తరువాత లండను నగరమునకు రాయబారులను పంపెను. రాణి దర్శనము వారికి దొరకలేదు.

1896 జనవరి 17న ఇంగ్లీషు సేన కుమాసిలో ప్రవేశించెను. రాజు యుద్ధము చేయవద్దని తన వారిని ఆపెను. ఒక తుపాకి కూడ పేలలేదు. అంతర్యుద్ధములో అంత రక్తము చూచినవాడు మరల తన ప్రజలను చావుకు పంపలేకపోయెనని అసాంటేవారు నేటికిని చెప్పుకొందురు.

జనవరి 20న మైదానములో గవర్నరు మాక్స్‌వెల్ కుర్చీమీద కూర్చుండెను. సైనికులు నాలుగు ప్రక్కల నిలిచిరి. ప్రెంపే తన తలమీది ఆభరణమును తీసివేసి, చెప్పులు విడిచి, తల్లితోకూడ ముందుకు వచ్చి, మోకరించి గవర్నరు పాదములు పట్టుకొనెను. అసాంటే రాజు ఒకని యెదుట అట్లు వంగుట ఆ జనులు అంతకుముందు ఎరుగరు. పిమ్మట గవర్నరు 50,000 ఔన్సుల బంగారము కట్టుమనెను. అది పదిహేను వందల కిలోలకు పైమాట. రాజు ఇప్పటికి 680 ఔన్సులు ఇత్తుననియు, మిగిలినది కొద్దికొద్దిగా తీర్చుదుననియు వేడుకొనెను. గవర్నరు ఒప్పుకొనలేదు. రాజును, తల్లిని, తండ్రిని, తమ్ముని, పెద్దలను అక్కడికక్కడే బంధించి సముద్రతీరమున నున్న ఎల్మినా కోటకు నడిపించిరి. 1897లో సియెర్రా లియోనుకు, 1900లో హిందూ మహాసముద్రములోని సీషెల్స్ ద్వీపములకు పంపిరి.

ప్రియులారా, ఆ మైదానమును ఒకమారు మనస్సులో చూడుడి. కుర్చీమీద నున్నది క్రైస్తవ దేశపు అధికారి. నేలమీద నున్నది క్రీస్తును ఎరుగని రాజు. మన ప్రభువు ఆ దినమున అక్కడ నుండినయెడల ఎక్కడ కనబడియుండును? యోహాను సువార్త పదమూడవ అధ్యాయము చదువుడి. సమస్తమును తన చేతికి అప్పగింపబడెనని ఎరిగియుండియు, భోజనపంక్తినుండి లేచి, తువాలు కట్టుకొని, శిష్యుల పాదములు కడిగినవాడు ఆయన. ఒకనిచేత పాదములు పట్టించుకొనువాడు ఆయన పేరు పెట్టుకొనినను ఆయన పోలికలో లేడు. అన్యజనుల అధిపతులు ప్రభుత్వము చేసినట్లు మీలో ఉండకూడదని ఆయన ఆజ్ఞాపించిన మాట (మార్కు 10:42–45) గవర్నరులకు మాత్రమే చెప్పబడినదా? మనకు కాదా?

నాలుగేండ్ల తరువాత, 1900 మార్చి 28న, హాడ్జ్‌సన్ అను మరియొక గవర్నరు కుమాసికి వచ్చి పెద్దలను సమకూర్చి, బంగారు పీట ఎక్కడ, దానిమీద నన్నెందుకు కూర్చుండబెట్టలేదని అడిగెను. రాజు కూడ ఎన్నడును కూర్చుండని పీటమీద! అంతటితో దేశము మండిపోయెను. ఎజిసు నాటి రాజమాత, వయస్సు మళ్లిన యా అసాంటేవా అను స్త్రీ, యుద్ధమునకు ముందు నిలిచెను. నెలల తరబడి పోరు సాగెను. ఇరువైపుల అనేకులు చనిపోయిరి. అసాంటేవారు ఓడిపోయిరి. ఆమెను కూడ సీషెల్స్‌కే పంపగా, 1921లో అక్కడనే కన్నుమూసెను. ఇంత జరిగినను ఇంగ్లీషువారికి పీట దొరకలేదు. జనులు దానిని అడవిలో దాచివేసిరి.

ఇప్పుడు రాజు ఒక సముద్రములో నున్నాడు. పీట ఒక అడవిలో నున్నది. పీట లేని రాజు, రాజు లేని పీట.

చెరలో ఒక చదువు

మాహే ద్వీపములో లె రోషే అను తోటలో అసాంటే బందీలకు గుడిసెలు కట్టించిరి. చుట్టును సముద్రము. వారి భాష తెలిసినవారు వారు తప్ప వేరొకరు లేరు. తూర్పు ఆఫ్రికానుండి పట్టుబడిన ఇద్దరు రాజులు, బుగాండా రాజగు మ్వాంగా, బున్యోరో రాజగు కబలేగా, వీరికి చెరలో పొరుగువారైరి. ఈ మ్వాంగా ఒకప్పుడు తన కొలువులోని క్రైస్తవ యౌవనులను అగ్నిలో కాల్పించినవాడు. ఆ చేతులతో అంత పాపము చేసినవాడు అక్కడ బాప్తిస్మము పొంది 1903లో మరణించెను. దేవుని కృప ఎంత దూరపు ద్వీపమునకైనను నడచిపోవును.

ప్రెంపే అక్కడ ఏమి చేసెను? కోపము పెంచుకొని కూర్చుండుటకు ఆయనకు కావలసినంత కారణముండెను. కావలసినంత తీరికయు ఉండెను. ఆయన చదువు నేర్చుకొనెను. రాజుగా పుట్టి, దుబాసీల నోట మాటలాడినవాడు, పిల్లలవలె అక్షరములు దిద్ది ఇంగ్లీషు చదువను వ్రాయను నేర్చెను. తమ పిల్లలను బడికి పంపించెను. తన వారిని వెంటబెట్టుకొని ఆదివారము దేవాలయమునకు పోవుచుండెను. 1904లో ఆంగ్లికన్ సంఘములో బాప్తిస్మము పొంది ఎడ్వర్డు అను పేరు ధరించెను.

1907లో, తల్లి యా అచియా జ్ఞాపకములో నున్న పూర్వుల కథలను ఆధారము చేసికొని, తమ రాజుల చరిత్రను ఇంగ్లీషులో వ్రాయించెను. ఎందుకనగా ముసలివారు ఒక్కొక్కరుగా రాలిపోవుచుండిరి. ద్వీపములో పుట్టిన పిల్లలు కుమాసిని చూచియుండలేదు. బబులోను నదులయొద్ద సీయోనును జ్ఞాపకము చేసికొనినవారిని మనము కీర్తనలలో ఎరుగుదుము గదా. తమను విడిచిపెట్టుమని ఇంగ్లీషు ప్రభుత్వమునకు మాటిమాటికి అర్జీలు వ్రాసెను. మాటిమాటికి కాదను జవాబు వచ్చెను. 1917లో తల్లి చనిపోయెను. కుమారుని పీట ఎక్కించిన ఆ తల్లి, కుమారునితో మోకరించిన ఆ తల్లి, స్వదేశపు మట్టిని మరల చూడలేదు.

ఇక్కడ ఒక ప్రశ్నను దాటవేయుట సరికాదు. చెరపట్టినవారి మతమునే చెరలోనున్నవాడు అంగీకరించెను గదా, అది వారి దయ సంపాదించుటకు వేసిన ఎత్తు కాదా? ఇట్టి మాట మన ఊళ్లలోను మనము విన్నదే. తెల్లదొరల మతమని మన తాతలను గేలిచేసినవారున్నారు. హృదయములను పరిశోధించువాడు దేవుడొక్కడే. అయినను లెక్క చూడుడి. ఆయన బాప్తిస్మము పొందినది 1904లో, విడుదలైనది 1924లో. దయకొరకు చేసిన బేరమైతే అది ఇరువది ఏండ్లు ఫలింపని బేరము. అర్జీ త్రోసివేయబడిన వారము కూడ ఆదివారము వచ్చుచుండెను. స్వదేశమునకు తిరిగి వచ్చి, తన జనుల నడుమ ఎవరి ఒత్తిడియు లేనప్పుడు కూడ ఆయన ఆ సంఘమును విడువలేదు.

దీనినిబట్టి మేము ఒకటి గ్రహించుచున్నాము. ప్రభువు ఎవరో, ప్రభువు పేరు మోసికొని వచ్చిన దొర ఎవరో ఆయన వేరుచేసి చూడగలిగెను. తన్ను నేలమీద మోకరింపజేసినవారి గ్రంథములోనే, మోకరించి పాదములు కడిగిన రాజు ఉన్నాడని ఆయన చదివియుండవలెను. పాత్ర మురికిదైనను అందులోని నీరు దేవునిది. పాత్రను చూచి నీటిని పారబోసికొనువారు దాహముతోనే పోవుదురు.

తిరిగి వచ్చుట

1921లో అసాంటే దేశములో బాట వేయు కూలీలకు మట్టిలో దాచిన బంగారు పీట తగిలెను. కొందరు దానిమీది బంగారు తొడుగులు ఊడదీసికొనిరి. దేశమంతయు తల్లి చనిపోయినట్లు ఏడ్చెను. ఈమారు ఇంగ్లీషు ప్రభుత్వము బుద్ధి తెచ్చుకొని, పీట మాకు అక్కరలేదు, మీరే ఉంచుకొనుడని ప్రకటించెను. దోషులను అసాంటే పెద్దలే విచారించిరి; వారు దేశమునుండి వెళ్లగొట్టబడిరి. తుపాకులతో ఎవరు వెదకినను దొరకని పీట, ఎవరును వెదకని దినమున దొరికెను.

1924 నవంబరులో ప్రెంపే ఓడ దిగి, రైలులో కుమాసికి వచ్చెను. ఆయన పోయినప్పుడు ఆ దారిలో రైలే లేదు. పోయినప్పుడు ఆయన పడుచువాడు. వచ్చినప్పుడు ఏబది ఏండ్లు దాటినవాడు, దొరలవలె కోటు తొడిగినవాడు. ఆయనతో పోయిన పెద్దలలో చాలమంది ఆ ద్వీపపు మట్టిలో నిద్రించుచున్నారు. ప్రభుత్వము ఆయనను రాజుగా పిలువలేదు; సాధారణ పౌరుడు ఎడ్వర్డు ప్రెంపే అని మాత్రమే రానిచ్చెను. జనులు మాత్రము మా రాజు వచ్చెనని వేలకొలదిగా ఎదురువచ్చి ఏడ్చిరి. 1926లో ప్రభుత్వము ఆయనను కుమాసి పట్టణపు అధిపతిగా మాత్రము ఒప్పుకొనెను. పూర్తి రాజ్యము ఆయన కండ్లు చూడలేదు.

ఆయన నివాసమునకు మాన్‌హియా అను స్థలములో ప్రభుత్వము ఒక మేడ కట్టించెను. దాని వెల తన ప్రజలు పూర్తిగా చెల్లించువరకు ఆయన అందులో కాపురముండుటకు ఒప్పుకొనలేదని అక్కడివారు చెప్పుదురు. దావీదు అరౌనా కళ్లమును ఉచితముగా పుచ్చుకొననని వెల యిచ్చిన సంగతి (2 సమూయేలు 24:24) మనకు జ్ఞాపకము వచ్చుచున్నది. తన్ను దోచుకొనినవారి చేతినుండి కూడ ఊరక పుచ్చుకొననివాడు తల యెత్తుకొని నడువగలడు.

1931 మే 12న ప్రెంపే మరణించెను. మేనల్లుడు ఆయన తరువాత వచ్చెను. 1935లో ప్రభుత్వము అసాంటే రాజ్యపు పూర్వపు కూటమిని తిరిగి నిలిపి, ఆ మేనల్లుని రాజుగా అంగీకరించెను. ఒకడు విత్తెను, వేరొకడు కోసెను.

పీటకు సంబంధించిన పితరుల ఆచారముల నడుమ బాప్తిస్మము పొందిన ప్రెంపే ఎట్లు నడిచెనో, ఆయన మనస్సాక్షి ఎన్ని రాత్రులు పోరాడెనో మేము చెప్పజాలము. రిమ్మోను గుడిలో తన యజమానితో వంగవలసివచ్చినప్పుడు యెహోవా నన్ను క్షమించును గాక అని నయమాను అడుగగా, ఎలీషా అతనిని సమాధానముతో పంపివేసెను (2 రాజులు 5:18, 19). తీర్పు ప్రభువునది.

మరియొక సంగతి. 1874లో కుమాసినుండి దోచుకొనిపోయిన బంగారు వస్తువులలో కొన్ని, ఇతర వస్తువులతో కలిపి 32, 2024లో ఇంగ్లాండు మ్యూజియములనుండి మాన్‌హియాకు వచ్చినవి. అదే మేడ నేడు మ్యూజియము. ప్రెంపే తిరిగి వచ్చి నూరేండ్లు నిండిన సందర్భమది. అయితే ఆ వస్తువులు మూడేండ్ల గడువుతో అరువుగా వచ్చినవి! ఒకని సొమ్ము ఒకనికే అరువిచ్చుట. ఇది విని మనము నవ్వవచ్చును. కాని మన పొలపు గట్టు ఎవరి వైపునకు జరిగియున్నదో, విధవరాలి పాలు ఎవరి పేర పట్టాయైయున్నదో చూచుకొని మరీ నవ్వుదము. జక్కయ్య అరువిచ్చెదనని చెప్పలేదు. నాలుగంతలు తిరిగి ఇచ్చెదనని చెప్పెను (లూకా 19:8).

మనకు

ఈ రాజు జీవితము మనకు ఏమి బోధించుచున్నది? మూడు మాటలు చెప్పి ముగింతుము.

మొదటిది: పీట మనది కాదు. సంఘపెద్ద కుర్చీ గాని, పంచాయితీ పదవి గాని, ఇంటిలో పెద్దరికము గాని మన ప్రక్కన పెట్టబడినదే. మనము ఎక్కి కూర్చుండుటకు ఇచ్చినది కాదు. హాడ్జ్‌సన్ దొర పీట అడిగి యుద్ధము తెచ్చిపెట్టెను. మన సంఘములలో ఎన్ని యుద్ధములు అదే ప్రశ్నతో మొదలగుచున్నవి! “నన్నెందుకు కూర్చుండబెట్టలేదు?”

రెండవది: పీట పోయిన తరువాత ఏమి చేయుదుమో అక్కడనే మన విశ్వాసము తెలియును. పెద్దల ఎన్నికలో ఓడిపోయిన సహోదరుడు మరుసటి ఆదివారమునుండి దేవాలయపు మెట్టెక్కకపోవుట మనము చూచుచున్నాము. వ్రాయుచున్న మేమును ఈ శోధనకు వెలుపల లేము. మా మాట చెల్లని కూటమునుండి కోపముతో లేచివచ్చిన దినములు మాకును ఉన్నవి. అట్టి దినమున ప్రెంపేను తలంచుకొందము. ఆయన పోగొట్టుకొనినది రాజ్యము. అయినను అక్షరములు దిద్దెను, పిల్లలను బడికి పంపెను, ముసలి తల్లిని సాకెను, ఆదివారము తప్పలేదు. చెరలోనున్నవారు ఇండ్లు కట్టుకొని తోటలు నాటుకొని, ఆ పట్టణపు క్షేమముకొరకు ప్రార్థింపవలెనని యిర్మీయా వ్రాసిన ఉత్తరము (యిర్మీయా 29:4–7) ఇట్టివారికొరకే. కూలికొరకు ఊరు విడిచి దూరదేశములలో నున్న మన పిల్లలకు ఈ మాట వ్రాసి పంపుడి.

మూడవది: దేవుడు మంచి గంపను మనము అనుకొనని చోట ఉంచును. యిర్మీయా రెండు గంపల అంజూరపుపండ్లను చూచెను. యెరూషలేములో పీటమీద మిగిలినవారే మంచి పండ్లనియు, చెరకు పోయినవారు చెడిపోయినవారనియు ఎవరైనను అనుకొందురు. దేవుడు తలక్రిందులుగా చెప్పెను. చెరకు పోయిన యెహోయాకీను గుంపే మంచి గంప. వారిమీద మేలుకొరకు దృష్టియుంచుదునని సెలవిచ్చెను.

యెహోయాకీను కథ ముగింపు చదివితిరా? బబులోను రాజు అతని చెరసాల బట్టలు మార్పించి, తనయొద్దనున్న రాజులందరి పీటలకంటె ఎత్తైన పీటను అతనికి వేయించెను. అతడు అడిగినది కాదు. యుద్ధము చేసి గెలిచినదియు కాదు. అయినను యెరూషలేము సింహాసనము అతనికి తిరిగి రాలేదు. అతనికి వచ్చిన నిజమైన ఘనత మరియొకచోట నున్నది. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో, మనము విసుగుతో దాటిపోవు ఆ పేర్ల వరుసలో, బబులోను చెర అను మాట ప్రక్కన యెకొన్యా అను పేరున్నది. అతడే ఇతడు. ఆ పేరునుండి ఆ వరుస దిగి దిగి బేత్లెహేము పశువుల తొట్టివరకు వచ్చును. పీట పోయిన రాజు వంశములోనే, పీట విడిచివచ్చిన రాజు పుట్టెను. ఆయన రాజ్యమునకు అంతము లేదు.

ప్రార్థింతము

మా పరలోకపు తండ్రీ, మాకు ఇచ్చిన పీటలు నీవేయని మరచి వాటిమీద మేము ఎక్కి కూర్చుండిన దినములను క్షమించుము. పీట పోగొట్టుకొని కోపముతో ఇంట కూర్చుండిన సహోదరుని, సహోదరిని ఈ ఆదివారము నీ మందిరమునకు తిరిగి నడిపించుము. అన్యాయముగా తీసికొనినదానిని అరువుగా కాక పూర్తిగా తిరిగి ఇచ్చు ధైర్యము మాకు దయచేయుము. దూరదేశములలో నున్న మా బిడ్డలను కాపాడుము. ఘానా దేశములోని నీ సంఘములను ఆశీర్వదించుము. తువాలు కట్టుకొని పాదములు కడిగిన మా రాజు యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.